తీర్థన్ ఒడ్డున గాలము

గోదావరి కాలువగట్టున పెరిగినవానికి గాలము వేయుట ఒకరు నేర్పవలసిన విద్య కాదు. వెదురుగెడ, నూలుదారము, నెమలియీక బెండు, తడిమట్టిలో త్రవ్వి తీసిన ఎఱ్ఱలు - ఇంతియే ఆ విద్యకు కావలసిన సామగ్రి. ఎఱ్ఱను గ్రుచ్చి నీట విడిచి, చెట్టునీడను కూర్చుండి, బెండు మునిగినప్పుడు గెడ నెత్తిన చాలును. జెల్లయో కొఱ్ఱమీనో గట్టుపైకి వచ్చి పడును. నీరు బురదనీరు, చేపకు మనిషి కనబడడు. మనిషికి చేప కనబడదు. ఇద్దరికిని అది సమమైన పోరు.

ఇట్టి విద్యలో ఆరితేరిన ఒక తెలుగు యువకుడు 2018వ సంవత్సరమున ఉద్యోగరీత్యా హిమాచల ప్రదేశమందలి కులూ జిల్లాకు వెళ్లెను. ఆ జిల్లాలో తీర్థన్ అను చిన్న నది కలదు. అది హిమాలయములలోని మంచుకొండలలో పుట్టి, దేవదారు వనముల నడుమ రాళ్లపై దుముకుచు, లార్జీ అనుచోట బియాస్ నదిని చేరును. ఆ నదిలో ట్రౌట్ అను చేప యున్నదని విని, ఏప్రిల్ మాసమున ఒక సెలవునాడు యువకుడు గాలము పట్టుకొని బయలుదేరెను. మత్స్యశాఖవారి అనుమతిపత్రము లేనిదే అచ్చట గాలము వేయరాదు. నవంబరు మొదలు ఫిబ్రవరి తుదివరకు చేప గుడ్లు పెట్టు కాలము గావున ఆ నాలుగు నెలలు వేట నిషిద్ధము. పత్రము సంపాదించినంతనే పని సగమైనదని అతడు తలచెను.

ట్రౌట్ మన దేశపు చేప కాదు. గోధుమవన్నె ట్రౌట్ ఐరోపా ఖండమునకు చెందినది. ఇంద్రధనుస్సు చారగల మరియొక జాతి ఉత్తర అమెరికా పడమటి తీరపు నదులది. ఆంగ్లేయ దొరలు తమ వినోదమునకై వీనిని ఇచ్చటికి తేదలచిరి. గుడ్లను మంచులో పెట్టి ఓడలపై సముద్రములు దాటించుట సామాన్యమైన పనియా? మదరాసు సేనలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1863లో నీలగిరులకు తేబూనిన ప్రయత్నము ఫలింపలేదు. 1899లో కాశ్మీరమునకు పంపిన గుడ్లు దారిలోనే చెడిపోయెను. మరుసటి యేడు వచ్చినవి బ్రదికెను. కులూ లోయకు ఈ చేప 1909లో వచ్చెను. నూరేండ్లకు పైబడినను నదులలో దీని సంతతి తరుగకుండుటకై నేటికిని మత్స్యశాఖవారు తొట్లలో పిల్లలను పెంచి విడుచుచునేయున్నారు.

ఆ పెంపకమును గూర్చి కొంత తెలిసికొనవలెను. తల్లిచేపలనుండి గుడ్లు పిండి తీసి, చల్లని పారునీటిలో పళ్లెములందుంతురు. నీటి చలిని బట్టి నెలన్నర మొదలు రెండు మూడు నెలలకు అవి పొదుగబడును. పిల్లకు పొట్టక్రింద పచ్చసొనసంచి యుండును. అది కరగిపోవువరకు వేఱు ఆహారము వలదు. ఆ పిమ్మట మనుష్యుడు గుప్పిటతో చల్లు మేతగుళికలే దానికి లోకము. మేత వచ్చు దిక్కున తల యెత్తుటయే దాని యెఱిగిన విద్య. అట్టి పిల్లను ఒకనాడు తెచ్చి వరదనీటిలో విడుతురు.

మొదటినాడు యువకుడు ఉదయము మొదలు మధ్యాహ్నమువరకు ఒడ్డున నిలిచి ఒక్క చేపనైనను చూడలేదు. ఎండ వీపున తగులుచుండగా ఎత్తైన బండపై నిలుచుండి, నిండు ప్రవాహపు నడుమకు గాలము విసరుచుండెను. ఆ గ్రామపు వృద్ధుడొకడు చాలసేపు చూచి చూచి దగ్గరకు వచ్చి, "బాబూ, నీవు చేపలను పట్టుటకు వచ్చితివా, వానికి కనబడుటకు వచ్చితివా?" అని అడిగెను. యువకుడు సిగ్గుపడెను. వృద్ధుడు నవ్వి అతని చేయి పట్టుకొని బండపైనుండి దింపెను.

ఆనాడు ఆ వృద్ధుడు గాలము ముట్టలేదు, ముట్టనీయలేదు. నీటిని చూడుమనెను. కాలువనీరు ఒక్కతీరుగా నడచును, ఏటినీరట్లు కాదు. పెద్దరాతికి వెనుక నీరు మందగించి చిన్న మడుగు కట్టును. దాని ప్రక్కనే వడినీరు పరుగిడును. ఆ రెండింటి నడుమ సన్నని గీత వలె నురుగు సాగుచుండును. చేప మందనీటిలో నిలిచి వడినీటివైపు చూచుచుండును. కొట్టుకొనివచ్చిన పురుగును ఒక్క దుముకులో అందుకొని మరల తన చోటికి వచ్చును. ఊరక యెదురీదుచు బలము పోగొట్టుకొనుటకు అది తెలివిమాలినది కాదు. ఒడ్డు క్రింద నీరు తొలిచిన గుహలు, మడుగు ముగిసి నీరు పలుచబడు తావులు, వంగిన కొమ్మల నీడలు - ఇవియు దానికి నివాసములే. నీరు మిక్కిలి చల్లగా నున్న దినములలో లోతు మడుగులలో నణగియుండును. వేసవిలో నురుగులెత్తు పారుదలకు వచ్చును, ఏలయన నీటిలో కలసిన ప్రాణవాయువు అచ్చట హెచ్చు. కొఱ్ఱమీను బురదగుంటలో సైతము తల పైకెత్తి గాలి పీల్చి బ్రదుకగలదు. ట్రౌట్‌కు ఆ శక్తి లేదు.

చేప సదా ప్రవాహమున కెదురుగా తల పెట్టి నిలుచును గావున వేటకాడు దిగువనుండి ఎగువకు, దాని వెనుకగా నడువవలెను. నీడ నీటిపై పడరాదు. రాళ్లపై కాలు ధబధబ మోపరాదు. ఆ అదురు నీటిలోనికి పోయి చేపకు ప్రక్కగీత ద్వారా తెలియును. ఒకే స్థలమున పదిసారులు విసరి ఫలము లేనిచో ముందుకు సాగవలెను. తొట్లలో పెరిగి క్రొత్తగా విడువబడిన చేపలు కొన్నిదినములు విడిచినచోటనే గుంపుగా తిరుగుచుండును. క్రొత్తవాడు వంతెనల చేరువను, బండి దిగగల రేవుల చేరువను మొదట ప్రయత్నించుట అందులకే. దినములు గడచినకొలది అవి చెదరి ఒంటరివగును, జాగరూకతయు నేర్చుకొనును.

ఒక మడుగులో రాళ్లపై పాచి గీకుచున్న బూడిదవన్నె చేపలను వృద్ధుడు చూపెను. అవి అస్లాలట, ఆ నది సొంతబిడ్డలు. దొరల చేప వచ్చిన తరువాత వానికి చోటు తగ్గినదని ఆతడు నిదానముగా చెప్పెను. శాస్త్రజ్ఞులును ఆ అనుమానమును వెలిబుచ్చియున్నారు.

సామగ్రి విషయము స్వల్పము. నాలుగు మూరల తేలిక కఱ్ఱ, సన్నని దారము, చిన్న గాలము, నీటిలో గిరగిర తిరుగు తళుకురేకు చాలును. దానిని ఎగువకు ఏటవాలుగా విసరి ప్రవాహముకంటె కొంచెము వడిగా చుట్టవలెను. గాలపు ముల్లును పట్టుకారుతో నొక్కివేసినచో చేపనోరు చీలదు. ఏ యెరలు చెల్లునో, ఎంత చేప తీసికొనదగునో శాఖవారి నడిగియే నీటికి పోవలెను.

మధ్యాహ్నము దాటగానే వృద్ధుడు యువకుని గట్టు నెక్కించెను. ఉదయము నిర్మలముగా పారిన నీరు, పైన మంచు కరుగుటచే అప్పటికే బూడిదరంగు తిరిగి పెరుగుచుండెను. యువకునిది తెలుగుదేశమని విని వృద్ధుడు కొంతసేపు మాటలాడలేదు. 2014 జూన్ 8న, దిగువనున్న బియాస్‌లో, లార్జీ ఆనకట్ట నుండి నీరు విడువగా హైదరాబాదునుండి విహారమునకు వచ్చిన ఇరువదినలుగురు ఇంజనీరింగు విద్యార్థులు రాళ్లపైనుండియే కొట్టుకొనిపోయిరి. "నీళ్ల చప్పుడు మారినచో, గాలమును విడిచియైనను ఒడ్డు చేరుము" అని మాత్రము ఆతడు చెప్పెను.

మరునాటి వేకువను యువకుడు చెప్పినట్లే దిగువనుండి వంగి నడచెను. ఒక రాతి వెనుక, నురుగు గీతపై రేకు పడి రెండు చుట్లు తిరుగులోపల దారము బిగిసెను. గుండె కొట్టుకొనుచుండగా చేపను లాగి ఒడ్డున వేసెను. అది జానెడు పొడవైనను లేదు. ప్రక్కలందు ఎఱ్ఱని చుక్కలు, వాని చుట్టు లేతవన్నె వలయములు. మొదటి చేప! పొడి చేతులతో గట్టిగా పట్టి, ఇటునటు త్రిప్పి చూచుకొని, ఫోనుతో నాలుగు పటములు తీసికొని, చిన్నది గావున నీటిలోనికి విసరెను. కొంతసేపటికి అది పొట్ట పైకై, దిగువనున్న పలుచనీటిలో తేలుచు కనబడెను.

వృద్ధుడు కోపపడలేదు. చేపను తెచ్చి చిన్న కత్తితో దాని పొట్ట చీల్చి, లోపలిది అరచేతిలో వేసి చూపెను. పురుగు లొకటి రెండే యుండెను. తక్కినవి గుళికలంతటి గులకరాళ్లు, పుల్లముక్కలు. విడిచిన దినమునుండి అది మేతయనుకొని వీనినే మ్రింగుచు వచ్చినది. యువకుడు వానిని చాలసేపు చూచెను.

ఆ పిమ్మట చేపను పట్టు తీరు వృద్ధుడు నేర్పెను. మొదట చేతులు తడుపవలెను. పొడిచేయి దాని మేనిజిగురును తుడిచివేయును, అది పోయినచో తెగుళ్లు సోకును. చేపను వీలైనంత నీటిలోనే యుంచి గాలము తీయవలెను. పైకెత్తిన పక్షమున, తాను ఊపిరి బిగబట్టగలిగినంత సేపే. విసరరాదు, తల ఎగువకు పెట్టి, పొట్టక్రింద చేయి యానించి, అదియే పోవువరకు వేచియుండవలెను.

ఎండ పొడుచువేళకు మరియొక చేప పడెను, ఇదియు చిన్నదే. యువకుడు మోకాళ్లపై కూర్చుండి చేతులు నీట ముంచెను. గాలము సులభముగా ఊడివచ్చెను. చేప అతని అరచేతిపై మొప్పలు కదల్చుచు కొంతసేపు నిలిచెను. వ్రేళ్లు మంచునీటిలో మొద్దుబారుచుండెను. అతడు చేయి తీయలేదు. తోక ఒక్కసారి అరచేతికి తగిలెను. తరువాత అచ్చట నీరు మాత్రమే యుండెను.