రాకమునుపు – వచ్చువరకు

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయుమని ప్రధానోపాధ్యాయులవారు కోరినప్పుడు, ఆంగ్ల వ్యాకరణము తప్ప నాకు వేఱొకటి తెలియదని మనవి చేసికొంటిని. "అదియే వ్రాయుడు, పిల్లలకు పనికివచ్చును" అని వారు సెలవిచ్చిరి. పిల్లలకు ఎంత పనికివచ్చునో చెప్పజాలను గాని, యిందలి ముఖ్యసంగతి నాకు పిల్లలవలననే తెలిసినది.

మా గోదావరిఖనిలో ప్రొద్దును సైరను చెప్పును. మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు అను మూడింటి చుట్టును ఇండ్లలోని వంట, నిద్ర, పిల్లల చదువు తిరుగుచుండును. కావున నా తరగతిలో ఎవ్వరిని వ్యాసము వ్రాయుమన్నను, రెండు వాక్యములు గడచునంతలో 'అప్పుడు', 'లోపల', 'వరకు' అను మాటలు వచ్చి తీరును. చిక్కంతయు నక్కడనే.

తెలుగు వాక్యమున సమాపకక్రియ సాధారణముగా నొక్కటే, అదియు చివర నుండును. తక్కిన పనులు దానిముందు అసమాపకములై వరుసగా నిలుచును: "బాపు గనినుండి వచ్చి, స్నానము చేసి, అన్నము తిని పండుకొనెను." చిన్నయసూరిగారు 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున 'వచ్చి, చేసి' వంటివానికి క్త్వార్థకములనియు, 'వచ్చుచు, చేయుచు' వంటివానికి శత్రర్థకములనియు పేరులు గలవు. ఆంగ్లమున కాలమును దెలుపు ఉపవాక్యమునకు దాని కర్త దానికి, దాని సమాపకక్రియ దానికి ఉండవలెను. వెన్, వైల్, బిఫోర్, ఆఫ్టర్, అంటిల్ అను వానిలో నొకటి దానిని ప్రధానవాక్యముతో ముడివేయును. మనము క్రియకు తోకగా తగిలించు 'గా', 'గానే', 'నప్పుడు', 'వరకు' అనువాని పనిని వారు వాక్యము తలపై నుంచి చేయింతురు.

క్రియలలోను రెండు తెగలు గలవు. నడచుట, నిద్రించుట, పని చేయుట కొంత సేపు సాగునవి. చేరుట, పడుట, ఆగుట క్షణములో ముగియునవి. 'బాపు నడచుచుండగా సైరను మ్రోగెను' అనుచో సాగు పనికి 'వైల్' చేర్చి 'వాజ్ వాకింగ్' అనవలెను. మ్రోతకు సామాన్య భూతకాలము చాలును. దీనిని పిల్లలు త్వరగానే పట్టుకొందురు.

పట్టువడనిది 'వరకు'. మా ప్రాంతమున "ఆరు గంటల వరకు వస్త" అన్నచో ఆరు కొట్టులోపల వచ్చెదనని యర్థము. "ఆరు గంటల వరకు చదువుత" అన్నచో ఆరు కొట్టుదాక చదువుచునే యుందునని యర్థము. ఒక్క 'వరకు' రెండు కొలువులు చేయుచున్నది. ఏ కొలువో క్రియను బట్టి మనము గ్రహింతుము. ఆంగ్లమున సాగు పనికి 'అంటిల్', ముగియు పనికి 'బై' అని వేఱువేఱు మాటలు. అందుచేత "ఐ విల్ కమ్ అంటిల్ సిక్స్" అని మా పిల్లలు ఏటేట వ్రాయుదురు, నేను ఏటేట దిద్దుదును. ఇది మార్కులతో పోవు తప్పని యనుకొనరాదు. గనిలో బొగ్గును ప్రేల్చిన పిమ్మట పొగ తొలగి, ఆ చోటును పరీక్షించి క్షేమమని తేల్చువరకు పనివారు అచ్చటికి పోరాదు. బొగ్గు గనుల నిబంధనలు 1957లో వచ్చినవి. వాని స్థానమున 2017లో క్రొత్తవి వచ్చినవి. అట్టి కట్టుబాట్లు మాత్రము నాడును నేడును బిఫోర్, ఆఫ్టర్, అంటిల్ అను మాటలపైననే నిలిచియున్నవి. ఓవర్‌మాను పరీక్షకు చదువుచున్న నా పూర్వవిద్యార్థి యొకడు ఆ పుస్తకము చంకను బెట్టుకొని వచ్చి, "సార్, అప్పుడు మీరు కొట్టింది దీనికేనా!" అని నవ్వెను.

ఇక నా తప్పు చెప్పవలెను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె 'మా యిల్లు' అను వ్యాసమున, "మై మదర్ డజ్ నాట్ ఈట్ బిఫోర్ మై ఫాదర్ డజ్ నాట్ కమ్" అని వ్రాసినది. నేను దానిని బిగ్గరగా చదివితిని. తరగతి నవ్వినది, నేనును నవ్వితిని. ఆమె తల వంచుకొన్నది. తరువాత కొన్ని వారములు ఆంగ్లపు గంటలో ఆమె చేయి పైకి లేవలేదు.

ఒకనాటి రాత్రి భోజనమువేళ మా అవ్వతో పాత సంగతులు మాటలాడుచుంటిని. మా బాపు తట్టయు చెమ్మసును పట్టి బొగ్గు నింపిన కార్మికుడు. "అవ్వా, నీవు రాత్రులు ఆకలితో ఎట్లుంటివే?" అని యడిగితిని. "మీ బాపు రాకముందు నేనెన్నడన్న ముద్ద ముట్టిన్నా బిడ్డా?" అన్నది. నా చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచినది. 'రాకముందు' అనుదానిలోని 'క' వ్యతిరేకార్థకమే కదా! వచ్చుటకు ముందున్న వేళనంతయు తెలుగు 'రాని' వేళగా ఎంచును. ఆంగ్లమో, వచ్చుటనే ఒక రాయిగా పాతి దానికి ఇవతల అని చూపును. ఆ బాలిక తన తల్లిభాషను అక్షరము తప్పక అనుసరించినది. బోధన కళాశాలలో శిక్షణ పొందిన నేను ఆ 'నాట్' ఎక్కడినుండి వచ్చినదో విచారింపకయే ఎఱ్ఱగీత గీచితిని. మచిలీపట్టణమున మిషనరీగా నుండిన ఆర్డెను దొరగారు 1873లో మన భాషకు ఆంగ్లమున వ్యాకరణము వ్రాసిరి. ఎదురుదారిని వచ్చిన ఆయనయు ఈ 'రాకమునుపు' దగ్గర కొంత ఆగియుండునని నా యూహ.

మఱునాడు రెండు భాషల వాక్యములను నల్లబల్లపై వ్రాసి, నవ్వుట నా తప్పని తరగతికి చెప్పితిని. దాని క్రింద "మై మదర్ డజ్ నాట్ ఈట్ అంటిల్ మై ఫాదర్ కమ్స్" అని వ్రాసితిని. ఆ బాలిక బహుదినములకు చేయి యెత్తినది.

"సార్, 'అంటిల్ హీ కమ్స్' అంటె వస్తడనే గదా? రాకపోతె ఏం రాయాలె?"

తరగతి నిశ్శబ్దమైనది. అందు సగముమంది తండ్రులు గనిలోనివారు. ఆమె తండ్రి ఆ వారము రాత్రి షిఫ్టున నుండెను. ముందు జరుగబోవు పనియైనను ఇట్టి ఉపవాక్యమున 'విల్' రాదనియు, వర్తమానమే వచ్చుననియు, వాక్యము ఆ రాకను నమ్మియే నడచుననియు చెప్పితిని. సందేహము తెలుపవలెనన్నచో 'ఇఫ్' గలదంటిని.

ఆమె కొంతసేపు నల్లబల్లవైపు చూచి, "ఇఫ్ వద్దు సార్, అంటిలే ఉండనియ్యుండ్రి" అని కూర్చుండి వ్రాసికొన్నది.