కాగితం చదవకుండా చేసిన ప్రార్థన



ఈ వారం మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలని కూర్చున్నాం. గల్ఫ్‌కు పోవాలనుకునేవాళ్ళు, పోయేవాళ్ళను సాగనంపే తల్లిదండ్రులు, భార్యలు దీన్ని ఓపికగా చదవాలని మా మనవి.

మా ఊరి నుంచి పట్నం బస్సెక్కితే మొదట వచ్చేది ఉప్పల్. అందుకే వ్యవసాయం గిట్టక ఊరు విడిచిన మా సంఘంవాళ్ళు ఎక్కువమంది ఉప్పల్, నాచారం, మల్లాపూర్ చుట్టుపక్కలే అద్దెకుంటారు. నెలకోసారి మేమిద్దరం వెళ్ళి ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన పెట్టుకుని, చివరి బస్సుకు తిరిగి వస్తాం.

వాళ్ళలో ఒక తమ్ముడు నాచారం పారిశ్రామికవాడలో వెల్డింగ్ పని చేసేవాడు. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది. 2024 మొదట్లో ఒక ఏజెంటు దుబాయిలో వెల్డర్ ఉద్యోగం అన్నాడు, లక్షా నలభై వేలు అడిగాడు. భార్య మెడలో గొలుసు కుదువకు పోయింది. మిగతాది వడ్డీకి తెచ్చారు. ప్రయాణం ముందు రోజు సాయంత్రం వాళ్ళ ఒక్క గదిలో ఇరవై మందిమి సర్దుకుని కూర్చున్నాం. పాటలు పాడాం, వాక్యం చెప్పాం. ఆ తమ్ముడు వీసా కాగితం తెచ్చి, "అయ్యగారూ, దీని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయండి" అన్నాడు. కళ్ళు మూసుకుని కన్నీళ్ళతో ప్రార్థన చేశాం. కళ్ళు తెరిచాక మాత్రం ఆ కాగితం చదవలేదు.

అది ఉద్యోగం వీసా కాదు. అరవై రోజుల విజిట్ వీసా. మాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. కానీ డిగ్రీ చదివే మా అమ్మాయి పక్కనే కూర్చుని ఉంది. చదవమంటే ఒక్క నిమిషంలో చెప్పేది. అడగాలని మాకు తోచలేదు.

అక్కడ వెల్డింగ్ లేదు. గోదాములో మూటలు మోయించారు. పాస్‌పోర్టు తీసి పెట్టుకున్నారు. రెండు నెలలు జీతం ఇచ్చి ఆపేశారు. వీసా గడువు దాటింది కాబట్టి ఎవరికి చెప్పాలన్నా భయం. ఒక రాత్రి పదకొండింటికి మాకు ఫోన్ చేసి, "అయ్యగారూ, ఇంట్ల చెప్పకండి" అని ఏడ్చాడు. చెప్పకుండా ఎన్నాళ్ళు ఆగుతుంది? వడ్డీకిచ్చినవాళ్ళు నాచారం గది ముందు వచ్చి కూర్చుంటుంటే ఆ చెల్లి పిల్లలను తీసుకుని ఊరికి వచ్చేసింది. ఆదివారం ఆమె వెనక వరుసలో కూర్చుంటే మాకు వాక్యం చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా యూఏఈ ప్రభుత్వం వీసా గడువు దాటినవాళ్ళు జరిమానా లేకుండా వెళ్ళిపోవడానికి అవకాశం ఇచ్చింది. మన కాన్సులేటు ఇచ్చిన తాత్కాలిక ప్రయాణ పత్రంతో నవంబరులో తిరిగి వచ్చాడు. దేవునికి స్తోత్రం. కానీ గొలుసు రాలేదు, అప్పు తీరలేదు.

యోసేపును తలచుకున్నాం. పరాయి దేశంలో ఆయన కలకు అర్థం చెప్పి ఊరుకోలేదు. ఏడేళ్ళు ఊరూరా ధాన్యం కూర్పించి కొట్లు నింపాడు. దేవుని మీద నమ్మకం ఉన్నవాడే లెక్క కూడా చూశాడు. మేము నమ్మకం గురించి చెప్పాం, లెక్క చూడడం మరిచిపోయాం.

అందుకే ఇప్పుడు మా దగ్గర వీడ్కోలు ప్రార్థన ప్రయాణం ముందు రోజు కాదు, ఏజెంటుకు రూపాయి కట్టకముందే. చాప మీద కాగితాలు పరుస్తాం. చదివాకే మోకరిస్తాం.

మొదట పాస్‌పోర్టు చూస్తాం. పదో తరగతి పాసు కానివాళ్ళది సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు. దానితో గల్ఫ్‌కు ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు ఈ గడప తప్పించానని గొప్పగా చెబుతాడు. ఆ గడప మన కాపుదల కోసం కట్టింది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటి పనికి పోయే అక్కచెల్లెళ్ళకు ముప్పై ఏళ్ళు నిండాలన్న నియమం కూడా అందుకే.

తర్వాత ఏజెంటు. లైసెన్సు ఉన్నవాళ్ళ పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటాయి. అభ్యర్థి నుంచి వాళ్ళు తీసుకోదగిన రుసుము ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. రసీదు ఇవ్వాలి. మా తమ్ముడు కట్టింది దానికి నాలుగింతలు, రసీదు లేకుండా. తెలంగాణ ప్రభుత్వానికే విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది, టామ్‌కామ్. మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో వాళ్ళ ఆఫీసు. ముందు అక్కడ అడగండి.

ఒప్పందంలో పని పేరు, జీతం, గంటలు, తిండి, గది, తిరుగు టికెట్టు ఎవరిదో రాసి ఉండాలి. ఒక నకలు ఇంట్లో పెట్టండి. పాస్‌పోర్టు, వీసా ఫోటోలు భార్య ఫోనులో ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి పది లక్షలు వస్తాయి. ఈ మాట ప్రార్థనలో అపశకునంలా అనిపిస్తుంది. అయినా చెబుతాం.

పెట్టె సర్దే అమ్మలకు ఒక మాట. మసాలాలో గసగసాలు వేయకండి. యూఏఈ, సౌదీ లాంటి చోట్ల అవి నిషేధం, జైలు దాకా పోవచ్చు. మందులుంటే డాక్టరు చీటీతోనే పెట్టండి. "మా తమ్మునికి ఇవ్వు" అని ఎవరిచ్చినా విప్పి చూడని పొట్లం తీసుకోకండి.

అక్కడికి చేరాక మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. జీతం ఆగితే మొదటి నెలలోనే నోరు తెరవండి. దుబాయిలో మన సహాయ కేంద్రం ఉచిత నంబరు 800 46342. ఇక్కడ ఇంటివాళ్ళకు 1800 11 3090. సిగ్గుపడి ఆలస్యం చేస్తే వీసా గడువు మన కోసం ఆగదు.

జీతం వచ్చాక ముందు అప్పు తీర్చండి. మొదటి జీతం మందిరానికి పంపాలని కొందరికి ఆశ. పంపవద్దు. గొలుసు విడిపించండి. కాపరిగా మేమే చెబుతున్నాం.

పోయిన నెల మల్లాపూర్‌లో ఉండే ఒక ఎలక్ట్రీషియన్ తమ్ముడు వీసా తెచ్చాడు. దుబాయి నుంచి తిరిగి వచ్చిన తమ్ముడే దాన్ని తీసుకుని, ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి చదివాడు. "విజిట్" అన్న దగ్గర వేలు ఆగిపోయింది. ఆ మాట అడగగానే ఏజెంటు కోపం తెచ్చుకుని ఫోను ఎత్తడం మానేశాడు. చేతికందిన ఉద్యోగం మేము చెడగొట్టామని ఆ ఎలక్ట్రీషియన్‌కు ఇంకా మా మీద కోపమే. ఉండనీ. సోమవారం ఉప్పల్‌లో కలుసుకుని మల్లేపల్లికి వెళ్దామన్నాం. వస్తానన్నాడు.

అతని కోసం ప్రార్థన చేయండి.