పది పిన్నులూ, ఒక గోలీ

వేసవి సెలవులకి మా మనవడు రాజమండ్రి వచ్చాడంటే మా ఇంట్లో మూడు వస్తువులు మాయమవుతాయి. ఒకటి నా మధ్యాహ్నం నిద్ర. రెండు మా ఆవిడ దాచుకున్న జీడిపప్పు. మూడోది మాత్రం ఏ యేటికాయేడు మారుతూ వుంటుంది. ఈసారి మాయమైనవి టీవీ రిమోట్‌లోని సెల్లు. అయితే ఆ సెల్లు తీసిన దొంగ మనవడు కాదు, నేనే. అంచేత యీ కథ నేనే చెప్పుకోవాలి.

వచ్చిన రోజు సాయంత్రమే వాడు ఒక పెద్ద అట్టపెట్టె నా ముందు పెట్టి, "తాతయ్యా, ఈ సెలవుల్లో మనిద్దరం బౌలింగ్ మిషన్ కట్టాలి" అన్నాడు.

బౌలింగ్ అంటే నాకు తెలిసింది కపిల్‌దేవ్. 1983లో మనవాళ్ళు ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి మా ట్రాన్సిస్టర్ చుట్టూ వీధిలో సగం మంది చేరారు. "ఓస్, అదెంత పని! రెండు చక్రాలు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. మధ్యలో బంతి పెడితే బ్యాట్స్‌మన్ మీదికి విసురుతుంది" అన్నాను దర్జాగా.

వాడు నుదురు కొట్టుకున్నాడు. "క్రికెట్టు కాదు తాతయ్యా! ఇది వేరే బౌలింగ్. చివర పది పిన్నులుంటాయి. బంతి దొర్లించి పిన్నుల్నన్నిటినీ పడగొట్టాలి."

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "పిన్నుల్ని పడగొట్టడమేమిట్రా, చిన్నంతరం పెద్దంతరం లేకుండా! మీ అమ్మకి వున్నదే ఒక్క చెల్లెలు!"

ఆవిడకి నచ్చజెప్పేసరికి రాత్రి ఎనిమిదైంది.

అసలు విషయం ఏమిటంటే హైదరాబాదులో ఎవరో స్నేహితుడి పుట్టినరోజుకి వీణ్ణి ఆ ఆటకి తీసికెళ్ళారట. నున్నటి చెక్క బాట, 60 అడుగుల పొడుగు. దాని చివర సీసాల్లాంటి పది పిన్నులు, ఒక్కొక్కటి 15 అంగుళాల ఎత్తు. ముందు ఒకటి, వెనక రెండు, ఆ వెనక మూడు, నాలుగు, ఇలా త్రికోణంగా నిలబడి వుంటాయి. మొదటి బంతికే పదీ పడితే దాన్ని స్ట్రైక్ అంటారు. అలాంటివి వరసగా 12 కొట్టినవాడికి 300 మార్కులు. అంతకుమించి లేవు. వీడికెన్ని వచ్చాయని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఇక ఆ అట్టపెట్టె. అందులో వున్నవి లెగో ఇటుకలు. డెన్మార్కులో బిల్లుండ్ అనే చిన్న వూళ్ళో వడ్రంగి పని చేసుకునే ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1932లో బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. 'బాగా ఆడుకో' అని అర్థం వచ్చే వాళ్ళ భాషలోని రెండు మాటలు కలిపి లెగో అని పేరు పెట్టాడు. ఇప్పుడు మనం చూసే బొడిపెల ఇటుకకి పేటెంటు తీసుకున్నది 1958లో. ఆనాటి ఇటుక తెచ్చి ఈనాటి ఇటుక మీద నొక్కినా 'టక్'మని అతుక్కుంటుందిట. మనిషికీ మనిషికీ అంత కుదురు వుంటే ఎంత బావుండును! ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు తీసుకుంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపవచ్చునని లెక్కగట్టారు. మా మనవడు ఆ రకాలన్నీ మా హాల్లోనే ప్రయత్నించాడనీ, రాత్రిపూట మంచినీళ్ళకి లేచినప్పుడు వాటన్నిటి మీదా నేను కాలు వేశాననీ మనవి చేసుకుంటున్నాను.

మొదట మోటారు లేకుండానే కట్టాం. గుండ్రటి తెల్ల ఇటుకలు మూడేసి ఒకదాని మీద ఒకటి గుచ్చితే ఒక పిన్ను. ఎత్తు సుమారు మూడు సెంటీమీటర్లు. అసలు పిన్నులో పదమూడో వంతన్నమాట. ఆ లెక్కన బాట నాలుగున్నర అడుగులుండాలి. అన్ని ఇటుకలు లేవు గనక నా పుస్తకాల అలమారు చెక్క ఒకటి వూడదీశాం. బంతికి బదులు గాజు గోలీ. ఆట బ్రహ్మాండంగా వుంది. వాడికి. గోలీ దొర్లించేది వాడు, పడ్డ పిన్నులు నిలబెట్టేది నేను. పది పిన్నులు నిలబెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఇవతలికి వచ్చేసరికి గోలీ మళ్ళీ వచ్చేసేది.

వెనకటికి అమెరికాలోనూ ఇంతేనట. బాట చివర కుర్రాళ్ళు కూచుని పిన్నులు చేత్తో నిలబెట్టేవారు. గాట్‌ఫ్రీడ్ ష్మిట్ అనే ఆయన కనిపెట్టిన ఆటోమేటిక్ మిషన్ని 1946లో ప్రదర్శించాక ఆ కుర్రాళ్ళ అవసరం క్రమంగా తీరిపోయింది. 1946లో కుర్రాళ్ళకి దొరికిన విముక్తి డెబ్భై దాటిన నాకు దొరకొద్దా? "ఒరే, మోటారు తియ్యి" అన్నాను.

నేను కరెంటు డిపార్టుమెంటులో 33 ఏళ్ళు పనిచేసి 2008లో రిటైరయ్యాను. పదకొండు వేల వోల్టులతో వ్యవహారం చేసినవాడికి అగ్గిపెట్టెంత మోటారు ఒక లెక్కా అనుకున్నాను.

మనవడి పథకం ఇది. ప్రతి పిన్ను నెత్తినా దారం కట్టాలి. గుండ్రటి ఇటుక బొడిపెకి నడుమ చిల్లు వుంటుంది గనక దారం దూర్చి అడుగున ముడెయ్యవచ్చు. పది దారాలూ పైన ఒక రోలరుకి చుట్టాలి. మోటారు తిరిగితే పిన్నులు పైకి లేస్తాయి, వెనక్కి తిరిగితే కిందికి దిగి ఎవరి చోట వాళ్ళు నిలబడతారు. నిజం ఆటలో కూడా ఇలా దారాలతో నడిచే మిషన్లున్నాయట. అయితే మోటారుని తిన్నగా రోలరుకి తగిలిస్తే పిన్నులు రివ్వున లేచి ఒకదానికొకటి చుట్టుకుని తోరణంలా వేలాడాయి.

ఇక్కడ నా అనుభవం పనికొచ్చింది. మోటారు ఇరుసుకి మెలికల మర తొడిగి, దాన్ని 24 పళ్ళ చక్రానికి ఆనించాం. మోటారు 24 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గింది, బలం పెరిగింది. పైగా మోటారు ఆపేసినా పిన్నుల బరువుకి చక్రం వెనక్కి తిరగదు. మా గోదావరి కాలువల మీద తూము తలుపు ఎత్తడం చూశారా? మర తిప్పినంతసేపు తలుపు లేస్తుంది, మానేస్తే ఎక్కడిదక్కడే ఆగుతుంది. సూత్రం ఇదే. ఆ మాట చెబితే వాడు నన్ను మొదటిసారి గౌరవంగా చూశాడు.

ఆ గౌరవం అరగంట నిలిచింది. మోటారు పెట్టెలో సన్న సెల్లు ఆరు వెయ్యాలి. ఒక్కొక్కటి వోల్టున్నర, మొత్తం తొమ్మిది వోల్టులు. వాడు తెచ్చినవి అయిపోయాయి. గోడగడియారంలోవి, రిమోట్‌లోవి, టార్చిలోవి పోగుచేసి, నా మీటరు పెట్టి చూశాను. అన్నీ 1.4 చూపించాయి. "బంగారంలా వున్నాయి" అన్నాను. తీరా వేస్తే మోటారు 'ఊఁ' అని మూలిగిందే గాని కదల్లేదు. ఇటు మా ఆవిడ సీరియల్ టైమైంది, రిమోట్ పలకదు.

పాత సెల్లు అంతే. వూరికే వున్నప్పుడు మీటరుకి నిండుగానే కనిపిస్తాయి. లోడు పడగానే వోల్టేజి జారిపోతుంది. ముప్ఫై మూడేళ్ళు ఈ విషయం పదిమందికి చెప్పినవాణ్ణి, నాకే తట్టలేదు.

అప్పుడు జ్ఞాపకమొచ్చింది అటకమీది ఎలిమినేటర్. సెల్లు ఖర్చు లేకుండా ట్రాన్సిస్టర్ని కరెంటుతో నడిపే పెట్టె. ఎప్పుడో నేనే కొన్నాను. దుమ్ము దులిపితే '9 వోల్టులు' అన్న అక్షరాలు ఇంకా వున్నాయి. "దీన్ని తగిలిద్దాం" అన్నాను. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి మావాడి ఫోను. మనవడు స్పీకరు పెట్టి, "డాడీ, తాతయ్య ఏదో నల్ల పెట్టె కనెక్షను ఇస్తున్నాడు, నైన్ వోల్ట్స్ అని రాసుంది" అన్నాడు.

అవతల ఒక్క క్షణం మాట లేదు. తర్వాత మావాడు మెల్లిగా, "నాన్నగారూ, అది పెట్టకండి. 9 అని రాసున్నా అది 13 ఇస్తుంది" అన్నాడు.

మీటరు పెట్టాను. 13 మీద ఒక గీత ఎక్కువే.

"నీకెలా తెలుసురా?" అన్నాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది.

1988 సంగతి. వాడికి పదకొండేళ్ళు, ఇప్పుడు వీడికున్నంత వయసు. ఒక ఆదివారం నేను ఇంటికొచ్చేసరికి మా ట్రాన్సిస్టర్, ఆ కప్పు గెలిచిన రాత్రి ట్రాన్సిస్టరే, నోరు మూసుకుని వుంది. పక్కన ఈ ఎలిమినేటర్. దాని ముందు వాడు. "తొమ్మిదే కదా నాన్నగారూ రాసుంది" అన్నాడు. ఆ మాట పూర్తిగా విన్నానో లేదో. రెండు తగిలించాను. చదువుకోమంటే ఇవా అన్నాను. ఆ తర్వాత వాడు స్క్రూడ్రైవరు ముట్టుకోగా నేను చూడలేదు. కంప్యూటర్లలోకి వెళ్ళాడు. బుద్ధిమంతుడయ్యాడని నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

"ఆ రాత్రి మీరు పడుకున్నాక మీటరు పెట్టి చూశాను" అన్నాడు ఫోనులో.

"మరి పొద్దున్నే చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదా" అన్నాడు. నిష్ఠూరం ఏమీ లేదు. వర్షం పడిందా అంటే పడలేదన్నట్టు అన్నాడు.

నాకు చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. బయటికి వచ్చింది మాత్రం "భోంచేశావా?" అని.

శనివారం వాడు కొడుకుని తీసికెళ్ళడానికి వచ్చాడు. కొత్త సెల్లు డజను తెచ్చాడు. వేశాం. మోటారు చక్కగా తిరిగింది. పిన్నులు నెమ్మదిగా లేచాయి గాని, దిగేటప్పుడు దారానికి వూగుతూ వచ్చి, ఒకటి పక్కదాన్ని తన్ని, అన్నీ పడిపోయాయి. తాతా మనవలం నాలుగు రోజులుగా ఆ వూగుడు ఆపలేక చస్తున్నాం.

వాడు ప్యాంటు నలుగుతుందని కూడా చూసుకోకుండా నేలమీద చతికిలబడ్డాడు. కాసేపు చూశాడు. "పిన్నులు పైకొచ్చినప్పుడు వాటి తల దూరేలాగా పది గళ్ళ పలక ఒకటి కట్టాలిరా. గళ్ళలో దూరితే వూగడం ఆగుతుంది. అప్పుడు తిన్నగా దిగుతాయి" అన్నాడు. తండ్రీ కొడుకూ రాత్రి పదకొండు దాకా కట్టారు. వాడి వేళ్ళు ఎంత చురుగ్గా ఆడుతున్నాయో పక్కన కూచుని చూస్తూ వుండిపోయాను. అందరిలోనూ వుండేదే కాబోలు ఈ విద్య. వాడిలో ఇన్నేళ్ళూ పై అటకమీద పెట్టించింది నేను.

పదకొండున్నరకి పది పిన్నులూ దిగి, పెళ్ళివారిలా వరసగా నిలబడ్డాయి. మనవడి కేకకి పక్కింట్లో లైటు వెలిగింది.

వాళ్ళు చూడకుండా నేను ఎలిమినేటర్ తెచ్చి, 9 అన్న అంకె కొట్టేసి, పక్కన 13 అని పెన్నుతో రాసి, కింద తేదీ వేసి సంతకం చేశాను. ఆఫీసులో రిజిస్టరులో తప్పు పడితే అలాగే దిద్దేవాళ్ళం. తల ఎత్తేసరికి మావాడు చూస్తున్నాడు. వాడేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. గోలీ తీసి నా చేతిలో పెట్టి, "మొదటి బంతి మీరే వెయ్యండి నాన్నగారూ" అన్నాడు.

వేశాను. గోలీ సగం దూరం తిన్నగా వెళ్ళి, పక్కకి తిరిగి, చెక్క దిగి, మంచం కిందికి పోయింది. పిన్ను ఒక్కటీ కదల్లేదు.

"పిన్నులంటే మీ తాతయ్యకి గౌరవంరా" అంది మా ఆవిడ. "సరేగాని, నా రిమోట్ సెల్లు ఎక్కడ?"