రేకు మీద పడ్డ అష్టోత్తరం

వదినా, పొయ్యి కట్టేశావా? ఓసారి ఇలా గోడ దగ్గరికి రా. నిన్న సాయంత్రం మీ వంటింటి రేకు మీద ఠంగుమన్నది కొబ్బరికాయ కాదు, మా మనవడు కొట్టిన బంతి. రాత్రే చెబుదామనుకున్నా. మీ అన్నయ్యే "పొద్దున్న సెప్పొచ్చులే" అని ఆపారు.

వాడు టెక్సాస్ నుంచి వచ్చాడు కదా, అక్కడ ఆడేది బేస్‌బాల్. పెట్టెలో బట్టలకన్నా ముందు బ్యాటు పెట్టుకున్నాడు. పొన్ను లేని రోకలిలా ఉంటుంది. మన క్రికెట్ బ్యాటు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, బల్లపరుపు. అది గుండ్రం. పెద్దాటల్లో కూడా లావు 2.61 అంగుళాలు దాటకూడదట. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి పట్టి బొమ్మలు చేస్తారు చూడు, బేస్‌బాల్ కర్ర బ్యాట్లూ అలా తరిణి మీద తిప్పేవే.

నేనూరుకుంటానా! అజారుద్దీన్‌ని, లక్ష్మణ్‌ని టీవీలో చూసిన దాన్ని. "మణికట్టు తిప్పరా" అన్నాను. "ముందే తిప్పకూడదమ్మమ్మా, బంతి నేలమీద దొర్లిపోద్ది" అన్నాడు. బంతి తగిలేటప్పటికి కుడి అరచెయ్యి ఆకాశం కేసి, ఎడం అరచెయ్యి నేల కేసి ఉండాలట. బంతి వెళ్ళాకే మణికట్టు తిరగాలట. పిడిని అరచేతిలో కుక్కకుండా వేళ్ళతో పట్టాలి. తడి దుప్పటి పిండినట్టు బిగిస్తే ముంజేతులు కొయ్యబారి బ్యాటు ఆలస్యంగా వస్తుంది.

మీ అన్నయ్యకి ఇదంతా చూసి చేతులు దురదపెట్టాయి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొలిమిలో సమ్మెట కొట్టిన మనిషి, బండి చక్రాలకి ఇనప పట్టాలేసే కొలిమి. కుర్చీలోంచి లేచి, "ఈ గుంటడు భుజాల్తో కొడతన్నాడేటి? సమ్మెట సేతుల్తో కొడితే మద్దేనానికే భుజం పోద్ది. ముందు నడుం తిరగాల, సెయ్యి ఎనకాలొస్తాది" అన్నారు. వాడు నోరెళ్ళబెట్టాడు. వాళ్ళ కోచ్ చెప్పేదీ అదేనట. టెడ్ విలియమ్స్ అనే పెద్ద ఆటగాడు 1970లో బంతి కొట్టడం మీద ఒక పుస్తకమే రాశాడు, అందులోనూ నడుమే ముందు.

చేతులెందుకు ఒంటికి దగ్గరుండాలో నీ తాళాలగుత్తితో తెలుస్తుంది. తాడు పట్టుకుని తిప్పు, వేలికి చుట్టుకుంటూ పొట్టిదయ్యేకొద్దీ గుత్తి గిర్రున తిరగదూ! ఇదీ అంతే. కుడి మోచెయ్యి డొక్కకి ఆనుకుని ఉంటే ఒళ్ళు చప్పున తిరుగుతుంది, తర్వాత చేతులు చాపాలి. ముందే చాపేస్తే బారు కర్ర మోసినట్టే. అంత తీరిక కూడా ఉండదు. బంతి విసిరే చోటు 60 అడుగుల 6 అంగుళాల దూరం. పెద్దవాళ్ళు గంటకి 145 కిలోమీటర్ల వేగంతో విసిరితే సెకనులో సగం కూడా పట్టదు.

తాతామనవళ్ళకి ఒక్కదగ్గరే గొడవొచ్చింది. సమ్మెటకి కుడిచెయ్యి పైనుంచి కిందికి జారుతూ రావాలంటారు మీ అన్నయ్య. జరక్కూడదు, రెండు చేతులూ అంటిపెట్టుకునే ఉండాలంటాడు వాడు. అరగంట వాదించుకున్నారు. మధ్యలో నాకొకటి తట్టింది. 2005లో మన విశాఖలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టినప్పుడు కింద చేతి బలం చూడండని మురిసిపోయాం కదా. బేస్‌బాల్లో అదే కుడిచేతిని పై చెయ్యి అంటారు. వాళ్ళ బ్యాటు పైకి నిలబడుతుంది, మనది కిందికి వేలాడుతుంది, అంతే. ఈ మాటకి ఇద్దరూ నన్ను మెచ్చుకోలేదనుకో.

ఇక నిన్నటి సంగతి. వీధి పిల్లలు వాణ్ణి ఆటలో కలుపుకున్నారు. రబ్బరు బంతి కాలవలో పోయింది, వీడు తన బంతి తెచ్చాడు. మూడు బంతులు నేలని తాకి లేచాయి, మూడూ గాలికే కొట్టాడు. వాళ్ళాటలో బంతి నేల తాకకుండానే వస్తుంది మరి. పిల్లలు ఒకటే నవ్వు. గూటీబిళ్ళ ఆడినవాడైతే ఇంత అవస్థ పడడు, గాల్లో లేచిన బిళ్ళని కొట్టడం అలవాటుంటుంది. నాలుగోది నడుమెత్తున ఫుల్‌టాస్. ఎడం కాలు చిన్నగా ముందుకేశాడు, మోచెయ్యి డొక్కలోకి వచ్చింది, నడుం తిరిగింది. చేతులు ఎప్పుడొచ్చాయో నేను చూడనే లేదు. తర్వాత వినపడింది మీ రేకే.

పగిలిందేమో చూసి చెప్పు, కొత్తది వేయిస్తాం. బంతి మీ పెరట్లోనే ఉండాలి, కరివేపాకు చెట్టు వైపు. తెల్ల తోలు, ఎర్ర దారం, 108 జంట కుట్లు, సరిగ్గా అష్టోత్తరం. దొరికితే గోడ మీద పెట్టు వదినా, శనివారం వాడి ప్రయాణం.