మెగాపిక్సెల్సూ, ఆయుష్షూ

చిన్నపిల్లల ఫోటోల కోసం కెమెరా కొందామనుకున్న ప్రతి ఇంట్లోనూ రెండు ప్రశ్నలు పుడతాయి. ఒకటి, "ఎన్ని మెగాపిక్సెల్స్ ఉండాలి?" రెండోది, "అంత పసిపిల్లకి అన్నేసి ఫోటోలు తీయొచ్చా?" మొదటిది చదువుకున్నవాళ్ళ ప్రశ్న అనీ, రెండోది మూఢనమ్మకం అనీ మనం అనుకుంటాం. నా మటుకు నాకు రెండూ ఒకే తానులో ముక్కలుగా కనిపిస్తాయి. మా ఇంట్లో ఒకే వారంలో రెండూ వచ్చాయి. మొదటిది మా అల్లుడు అడిగాడు, రెండోది వాళ్ళమ్మగారు. మనవడికి నాలుగేళ్ళు, మనవరాలికి ఏడో నెల. "ఫోన్‌తో తీస్తే వాడు ఒక్కదాంట్లోనూ సరిగ్గా పడడం లేదు మావయ్యగారూ, మొహమంతా అలికేసినట్టు వస్తోంది" అని అల్లుడి బాధ. ఫోటోగ్రఫీ నా విద్య కాదు. రక్షణ శాఖ లెక్కల విభాగంలో నా ఉద్యోగమంతా, అమ్మేవాడు కాగితం మీద రాసిన అంకెకీ కొనేవాడి అవసరానికీ సంబంధం ఉందా అని అడగడంతోనే గడిచింది. ఈ పనికి ఆ అలవాటు చాలనిపించింది.

ముందు మెగాపిక్సెల్స్ సంగతి చూద్దాం. మనం మామూలుగా వేయించుకునే ప్రింటు 6 అంగుళాలు, 4 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్క కడితే 1800ని 1200తో గుణించాలి. 21 లక్షల 60 వేలు వస్తుంది, అంటే రెండు మెగాపిక్సెల్స్, పైన కాస్త చిల్లర. గోడకి తగిలించే ఏ4 సైజుకి 87 లక్షలు. 4కె టీవీ తెర మొత్తం నిండడానికి 83 లక్షలు. అంటే తొమ్మిది మెగాపిక్సెల్స్ ఉంటే ఇంటి అవసరాలన్నీ తీరిపోతాయి. ఇవాళ కొత్తగా అమ్మే మంచి కెమెరాల్లో చాలావాటిలో దానికి రెట్టింపు ఉంటుంది. పోనీ 12 నుంచి 24కి వెళితే స్పష్టత రెట్టింపు అవుతుందా అంటే అదీ లేదు. ఫోటో ఒక్కో పక్క పెరిగేది 1.4 రెట్లే. తీసిన ఫోటోని కత్తిరించుకోవడానికి కాస్త ఎక్కువ ఉంటే మంచిదే, కాదనను. కానీ ఆ ఒక్క అంకె చూసి కొనడం జాతకంలో గుణాలు లెక్కపెట్టి సంబంధం ఖాయం చేసుకోవడం లాంటిదే. అంకె పెద్దదైతే మనసుకి ధైర్యంగా ఉంటుంది, అంతే.

అసలు చూడవలసింది సెన్సర్ ఎంత పెద్దది అని. అది వెలుగుని పట్టే పళ్ళెం. ఫుల్ ఫ్రేమ్ అనేది 36 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. దాని వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అనే మధ్య రకం దాదాపు 23.5 బై 15.6, అంటే 367 చదరపు మిల్లీమీటర్లు. "ఒక అంగుళం సెన్సర్" అని అమ్మే రకం 13.2 బై 8.8. ఇక్కడ నాలోని ఆడిటర్‌కి చెయ్యి దురద పెట్టింది. ఏ పక్క కొలిచినా అందులో అంగుళం లేదు. మూల నుంచి మూలకి కొలిచినా 16 మిల్లీమీటర్లకి మించదు, అంగుళం అంటే 25.4 కదా! ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ అంగుళం పాతకాలపు టీవీ కెమెరాల్లో వాడిన గాజు గొట్టం బయటి వ్యాసం. గొట్టాలు ఎప్పుడో పోయాయి, కొలత మాత్రం పెట్టెల మీద మిగిలింది. బిల్లులో ఇలా రాసుంటే నేను సంతకం పెట్టేవాణ్ణి కాను.

పిల్లల విషయంలో సెన్సర్ ఎందుకు ముఖ్యమంటే, వాళ్ళు నిలబడరు, పైగా మన ఇళ్ళల్లో వెలుతురు తక్కువ. హాల్లో పరిగెత్తే నాలుగేళ్ళ పిల్లవాడు సెకనుకి రెండు మీటర్లు పోతాడనుకుందాం. షట్టర్ సెకనులో 30వ వంతు తెరుచుకుని ఉంటే, ఆ వ్యవధిలో వాడు ఆరున్నర సెంటీమీటర్లు జరిగిపోతాడు. అదే అల్లుడు చెప్పిన "అలికేసినట్టు". 250వ వంతుకి తగ్గిస్తే 8 మిల్లీమీటర్లే జరుగుతాడు. కానీ షట్టర్ అంత త్వరగా మూసుకుంటే వెలుతురు చాలదు. ట్యూబ్‌లైట్ కింద ఇదే అసలు చిక్కు. దానికి మార్గం లెన్స్‌లో ఉంది. కెమెరాతోపాటు పెట్టెలో వచ్చే జూమ్ లెన్స్ దగ్గరికి లాగితే సాధారణంగా ఎఫ్ 5.6 దాకా పోతుంది. ఎఫ్ 1.8 లెన్స్ దానికి తొమ్మిది పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది (ఈ అంకె తగ్గే కొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, తిరకాసు లెక్క). కాబట్టి డబ్బు పరిమితంగా ఉంటే కెమెరాని ఒక మెట్టు దించుకుని లెన్స్‌ని ఒక మెట్టు ఎక్కించుకోవాలి. ఏపీఎస్-సీ కెమెరాకి 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ఇంట్లో సరిపోతుంది. 50 అయితే మన గదుల్లో వెనక్కి జరిగి జరిగి గోడకి ఆనుకోవాలి.

"ఫోన్ చాలదా?" అనేవాళ్ళూ ఉన్నారు. చాలామందికి చాలుతుంది. ప్రపంచం మొత్తం మీద కంపెనీలు 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపితే, 2023లో 80 లక్షలు కూడా పంపలేదు. జనం ఊరికే మానెయ్యలేదు. ఎండలో, కదలకుండా కూర్చున్న పిల్లని ఫోన్ బ్రహ్మాండంగా తీస్తుంది. రాత్రి పూట అది వరసగా చాలా ఫోటోలు తీసి వాటిని ఒకటిగా కలుపుతుంది. పిల్లవాడు కదిలితే ఆ కలపడం దగ్గరే చెడుతుంది.

ఇదంతా లెక్క. లెక్కని పరీక్ష పెట్టి చూడకపోతే అదీ ఒక నమ్మకమే అవుతుంది. షాపు కుర్రాడు చూపించిన మూడు మోడళ్ళలో మధ్యదాన్ని ఒకరోజు అద్దెకి తెచ్చాం. అంతకు రెట్టింపు పైన ఖరీదు చేసే ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఒక మిత్రుడి దగ్గర ఎరువు తీసుకున్నాం. మూడోది అల్లుడి ఫోన్. అదే గది, అదే పిల్లవాడు, అదే సాయంత్రం. చిన్న ప్రింట్లు వేయించి, మా అమ్మాయి వెనకాల పెన్సిలుతో గుర్తులు పెట్టి, పేకముక్కల్లా కలిపేసింది. అల్లుడూ, మా ఆవిడా విడివిడిగా చూసి ఏది దేంతో తీసిందో చెప్పాలి. రాత్రి ఫోటోల్లో ఫోన్‌ని ఇద్దరూ ఇట్టే పట్టేశారు. మిగిలిన రెండు కెమెరాల దగ్గరికి వచ్చేసరికి అల్లుడు 20లో 11 సరిగ్గా చెప్పాడు. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వస్తుంది. ఒక కుటుంబం, ఒక సాయంత్రం, 20 ప్రింట్లు. దీంతో లోకానికి ఏమీ రుజువు కాదు, నాకు తెలుసు. కానీ మా డబ్బు ఎక్కడ పెట్టాలో మాకు తెలిసింది. మధ్యదే కొన్నాం.

ఇక రెండో ప్రశ్న. వియ్యపురాలుగారు మంచి మనిషి, నన్ను చూస్తే కొంచెం బెదురుతారు కూడా. "ఏడాది నిండేదాకా ఫోటోలు తీస్తే ఆయుక్షీణం అంటారు కదండీ అన్నయ్యగారూ" అన్నారు. ఆ మాట నాకు కొత్త కాదు. 1966లో మా ఇంటిల్లిపాదీ పక్క టౌన్లో స్టూడియోకి వెళ్ళాం. పరదా మీద మేడమెట్లూ, పూలకుండీ. మా చెల్లెలికి అప్పటికి రెండేళ్ళు నిండుతున్నాయి. "పసిదాన్ని ఆ డబ్బా ముందు నిలబెట్టొద్దు" అని నాయనమ్మ దాన్ని ఎత్తుకుని బయట అరుగు మీద కూర్చుంది. ఆ ఫోటోలో అమ్మా, నాన్నా, అన్నయ్యా, నేనూ ఉన్నాం. మరుసటి వేసవిలో ఊళ్ళో తట్టు వచ్చింది. అమ్మవారన్నారు, వేపాకు కట్టారు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి లేదన్నారు. తర్వాత దాని గుండెల్లోకి నెమ్ము దిగింది. అయిదు రోజులు. తట్టు టీకా మన దేశంలో పిల్లలందరికీ ఇచ్చే కార్యక్రమం 1985లో గానీ మొదలు కాలేదు. ఫోటో తీయనందువల్ల దాని ఆయుష్షుకి ఒక్క పూట కూడా కలవలేదు. అమ్మకి మాత్రం చూసుకోవడానికి ఒక కాగితం ముక్క లేకుండా పోయింది. అమ్మ ఎనభై ఏళ్ళు బతికింది. దాని పుట్టుమచ్చ కుడి చెంప మీదా ఎడమ చెంప మీదా అని చివరి రోజుల్లో మా అన్నయ్యనీ నన్నూ అడిగేది. మా ఇద్దరికీ తెలియదు.

ఫోటో దిగిన నేను ఇన్నేళ్ళూ బతికాను కాబట్టి నమ్మకం అబద్ధమని నేను అనను. అది వాదన కాదు. ఆలోచించవలసింది వేరే. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండా పోయారు. అంటే దాదాపు ఎనిమిదిమందిలో ఒకరు. అంతకు ముందు ఇంకా ఎక్కువ. అలాంటి రోజుల్లో పసిపిల్లకి ఏ కొత్త పని చేసినా, ఆ వెనకే ఎక్కడో ఒక చావు ఉంటుంది. ఫోటో తీయించడం జీవితంలో ఒకసారో రెండుసార్లో జరిగే ముచ్చట కాబట్టి అదే గుర్తుండిపోతుంది, తాగించిన చెరువు నీళ్ళు గుర్తుండవు. 2020 నాటికి ఆ 129 కాస్తా 28కి దిగింది. ఈ మధ్యకాలంలో పిల్లల ఫోటోలు ఎన్ని వేల రెట్లు పెరిగాయో చెప్పనక్కర్లేదు. వియ్యపురాలుగారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "అయితే బుగ్గన చుక్క పెట్టి తీయండి" అన్నారు. పెట్టాం. చుక్కతో ఫోటో ముద్దుగానే ఉంటుంది, దాని మీద నాకు పేచీ లేదు.

ఫ్లాష్ సంగతి అడిగేవాళ్ళకి ఒక ముక్క. చైనాలో మూడు నెలల పాపకి ఫ్లాష్ వల్ల చూపు పోయిందని 2015లో ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. కంటి డాక్టర్లు అది కుదరదన్నారు. నెలలు నిండని పిల్లల రెటీనా పరీక్షకి అంతకంటే ఎక్కువసేపు కళ్ళలోకి గట్టి వెలుతురు వేసి చూస్తారు. ఇక ఫ్లాష్ ఫోటోల్లో గుండ్రంగా తేలే తెల్లటి బుడగలు తాతగారి ఆత్మ కాదు, లెన్స్ పక్కనే ఫ్లాష్ ఉండడం వల్ల వెలిగిన దుమ్ము.

కానీ ఫ్లాష్ ఫోటోలో ఒకటి మాత్రం తప్పకుండా చూడాలి. నల్లగుడ్డు మధ్య ఎర్రగా రావడం మామూలే, అది రెటీనా రంగు. ఒక కంట్లో తెల్లగా, పిల్లి కన్నులా మెరిస్తే, అదీ మళ్ళీ మళ్ళీ కనిపిస్తే, దిష్టి తీసి ఊరుకోకూడదు. ఫోటో తీసిన కోణం వల్ల అలా రావచ్చు, శుక్లం కావచ్చు, రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. అది 15 నుంచి 20 వేలమంది పిల్లల్లో ఒకరికి వస్తుంది, ఎక్కువగా అయిదేళ్ళ లోపే. త్వరగా పట్టుకుంటే ప్రాణం దక్కే అవకాశం చాలా ఎక్కువ. హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల వైద్యం ఉంది. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రవేత్త బ్రయన్ షా కొడుక్కి ఈ జబ్బు వచ్చింది. ఆయన తమ ఇంట్లో తీసుకున్న పాత ఫోటోలన్నీ వెనక్కి తిరగేస్తే, పిల్లవాడు పుట్టిన 12వ రోజు ఫోటోలోనే ఆ తెల్ల మెరుపు ఉంది. 2019లో ఆయన బృందం 40 మంది పిల్లల మామూలు ఇంటి ఫోటోలు కంప్యూటర్ ప్రోగ్రాంతో వెతికించింది. కంటి జబ్బు తేలిన పిల్లల్లో నూటికి 80 మందికి, డాక్టరు గుర్తించడానికి సగటున 1.3 ఏళ్ళ ముందే ఫోటోలో ఆ గుర్తు ఉంది. ఫోటో ఆయుష్షు తీస్తుందన్న మాటకి ఇంతకంటే ఏం జవాబు చెప్పను?

అందుకని అల్లుడి చేత రెండు పనులు చేయించాను. కెమెరాలోనూ ఫోన్‌లోనూ కళ్ళ ఎరుపుని దానంతట అది చెరిపేసే సౌకర్యం ఆపించాను, అది తెలుపుని కూడా మరుగుపరచవచ్చు. కెమెరా గడియారం సరిచేయించాను. తేదీ లేని వోచర్ వోచర్ కాదు, షా గారికి ఆ 12వ రోజు దొరికింది కూడా తేదీల వల్లే. వాట్సాప్‌లో పంపిన ఫోటో చిక్కిపోతుంది, దానిలోపల దాగిన తేదీ వివరాలు ఊడిపోతాయి. కాబట్టి అసలు ఫైళ్ళు రెండు హార్డ్ డిస్కుల్లో ఉంటాయి, ఒకటి వాళ్ళింట్లో, ఒకటి మా ఇంట్లో. ఆఫీసులో ట్రిప్లికేట్ అలవాటు కాబట్టి మూడో కాపీ కాగితం మీద. మూడు నెలలకోసారి ముప్పై నలభై ఏరి ప్రింట్లు వేయిస్తున్నాం. వెనకాల పెన్సిలుతో పేరూ, తేదీ, ఊరూ రాసే పని నాది.