అంతర్జాల పాఠ్యక్రమ రచన – ఛందోబోధనానుభవం

ప్రాచ్య కళాశాలల అధ్యాపకులకు పాఠం చెప్పడం కొత్త కాదు. పాఠ్యక్రమాన్ని రచించడం మాత్రం కొత్త. గ్రంథం పూర్వులది, ప్రణాళిక విశ్వవిద్యాలయానిది, వివరణ మాత్రమే మనది అన్న స్థితిలో తరాలు గడిచాయి. 'స్వయం' వేదిక 2017లో ప్రారంభమైంది. ఒక సెమిస్టరులో 20 శాతం వరకు పాఠ్యాంశాలను ఆ వేదిక ద్వారా చదవవచ్చునని 2016లో అనుమతించిన విశ్వవిద్యాలయ నిధుల సంఘం, 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది. చిన్న కళాశాలలు కూడా తమ పాఠాలను ఆన్‌లైన్‌లో సిద్ధం చేసుకోవలసిన కాలం ఇది. మా కళాశాలలో తెలుగు ఛందస్సుపై 12 వారాల కోర్సును రూపొందించే పని నాకు అప్పగించారు. ఆ సందర్భంలో కలిగిన ఆలోచనలను విజ్ఞుల ముందుంచుతున్నాను.

శాస్త్రగ్రంథానికి అనుబంధ చతుష్టయం చెప్పడం మన సంప్రదాయం. విషయ, ప్రయోజన, సంబంధాలను నిర్ణయించడం నాకు కష్టం కాలేదు. అధికారి ఎవరన్నదే అసలు ప్రశ్న. అమరం వల్లించి, శతకాలు కంఠస్థం చేసి వచ్చే విద్యార్థి నేడు అరుదు. మా విద్యార్థులలో పలువురు పగలు దుకాణాలలోనో, పొలంలోనో పనిచేసి రాత్రి పుస్తకం తెరిచేవారు. కొందరి ఇళ్లలో ఉన్నది ఒకే సెల్‌ఫోన్. అది తమ్ముడి చేతినుండి తనకు వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. ఈ అధికారికి గంటసేపటి వీడియో పాఠం నిష్ప్రయోజనం. ఛందస్సు చెవికి సంబంధించిన శాస్త్రం కనుక ప్రతి పాఠాన్నీ పది నిమిషాలకు మించని శబ్దఖండాలుగా విభజించాను. ఆడియోకు డేటా తక్కువ పడుతుంది, ఒకసారి దింపుకొంటే పనిచేసుకుంటూ కూడా వినవచ్చు. నల్లబల్ల అవసరమైన చోట మాత్రమే వీడియో ఉంచాను. అధ్యాపకుని ముఖం కనిపించకపోతే అది పాఠమెట్లా అవుతుందని ఒక మిత్రుడు ఆక్షేపించారు. పద్యం వినిపిస్తే చాలునని నా అభిప్రాయం.

రెండవది క్రమం. మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా అక్షరగణాలతో మొదలై, వృత్తాలు ముగించి, ఆపైన జాత్యుపజాతులకు వస్తాయి. శాస్త్రనిర్మాణానికి అది యుక్తమే. అయితే ఎదురుగా గురువు లేని విద్యార్థి మొదటి వారంలోనే ఎనిమిది గణాలను, భరనభభరవ వంటి సూత్రాలను చూస్తే రెండవ వారానికి మిగలడు. అందుచేత ఆటవెలదితో ఆరంభించాను. వేమన పద్యం వినని తెలుగు విద్యార్థి ఉండడు. దాని నడక బాల్యంనుండి చెవిలో ఉన్నదే. పైగా సూర్యగణాలు రెండే – నగణం, హగణం. సరిపాదాలలో వచ్చేవి అవి మాత్రమే. అవి పట్టుబడిన తరువాత బేసి పాదాల చివరనుండే ఇంద్రగణాలు, తదుపరి కందం, ఆ పిమ్మటనే ఉత్పలమాల. తెలిసిన లయకు లక్షణం చెప్పడం వేరు, లక్షణం చెప్పి లయను ఊహించుకొమ్మనడం వేరు.

పరీక్షల విషయం కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది. బహుళైచ్ఛిక ప్రశ్న అనగానే మనలో చాలామందికి చులకన భావం. దానిని శ్రద్ధగా రచిస్తే వైద్యుని నాడీపరీక్ష వంటిది అవుతుంది. 'సత్యము' అన్న పదం ఏ గణం? సరియైన సమాధానం భగణం. సంయుక్తాక్షరానికి ముందున్న 'స' గురువు, మిగిలినవి రెండూ లఘువులు. జగణం అన్న విద్యార్థి సంయుక్తాక్షరమే గురువని భ్రమించాడు. తగణం అన్నవాడు రెండింటినీ గురువులు చేశాడు. నగణం అన్నవానికి సంయోగ నియమమే తెలియదు. ఈ నాలుగింటినీ వికల్పాలుగా ఇస్తే, తప్పు ఎక్కడ జరిగిందో సమాధానమే చెబుతుంది. ఒక్కొక్క తప్పుకు ఒక్కొక్క చిన్న శబ్దపాఠాన్ని జతచేయవచ్చు. ఇట్టి ప్రశ్న ఒకటి రచించడానికి కొన్నిసార్లు ఒక పూట పట్టింది. 'ఇది ఏ గణం' అని అడిగి నాలుగు గణాలను యాదృచ్ఛికంగా పేర్చడం అర నిమిషం పని. రెండింటికీ తెరమీద రూపం ఒక్కటే.

లిపి గురించి ఒక మాట. మనలో అనేకుల వద్ద దశాబ్దాల పాఠాలు అను ఫాంటులలో ఉన్నాయి. వాటిని యథాతథంగా ఎక్కిస్తే విద్యార్థి ఫోన్‌లో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అంధ విద్యార్థులకు చదివి వినిపించే ఉపకరణాలకూ అవి అందవు. సర్వమూ యూనికోడ్‌లోకి మార్చవలసినదే. గురులఘు చిహ్నాలు మాత్రం అందులోనూ అక్షరాలమీద కుదురుగా నిలువవు, ఒక్కొక్క ఫోన్‌లో ఒక్కొక్క విధంగా జరుగుతాయి. అందువల్ల గణవిభజనను చేతితో వ్రాసి బొమ్మగా ఇచ్చి, ఆ క్రమాన్నే మాటలలో చదివి వినిపించాను.

'స్వయం' కోర్సులకు నాలుగు అంగాలు విధించారు: దృశ్యపాఠం, పఠనసామగ్రి, స్వీయపరీక్ష, చర్చ. విద్యలో పాదం ఆచార్యునివల్ల, పాదం స్వబుద్ధివల్ల, పాదం సహాధ్యాయులవల్ల, పాదం కాలక్రమంలో లభిస్తుందని పెద్దలు చెప్పిన మాట దీని ప్రక్కన ఉంచి చూడవలసినది. మొదటి మూడు పాదాలకు ఆ అంగాలలో ఏదో ఒక చోటు దొరుకుతుంది. కాలానికి వేరే అంగం లేదు. అది వారాల కూర్పులోనే దొరకాలి. పాఠాలన్నీ ఒకేమారు తెరిచి ఉంచితే పరీక్షకు ముందు రెండు రాత్రులలో అన్నీ వినేస్తారు. అందుకే వారానికొక పాఠమే తెరిపించాను. ఐదవ వారంలో చెప్పిన కందాన్ని ఎనిమిదిలోను, పదకొండులోను మళ్లీ అడిగాను.

ఇక ఆచార్యుని పాదం. అది పాఠం రికార్డు చేయడంతో తీరేది కాదు. వ్రాసినది చూచి చదవడాన్ని పాణినీయశిక్ష పాఠకదోషాలలో లెక్కించింది. తెరమీది అక్షరాలకు అలవాటుపడిన విద్యార్థికి ఆ దోషం సహజంగానే అంటుతుంది. పద్యమిస్తే గణాలు విడదీసి యతిప్రాసలను పరీక్షించే 'ఛందం' వంటి ఉపకరణాలు నేడు ఉన్నాయి, వాటిని విద్యార్థులకు చూపించాను కూడా. అయినా యతిస్థానంలో గొంతు ఎక్కడ ఆగిందో, అర్థం తెలియక పదాన్ని ఎక్కడ విరిచాడో మనిషి వినవలసినదే. కనుక వారానికొక పద్యాన్ని చదివి, శబ్దలేఖనం చేసి పంపడం తప్పనిసరి చేశాను. 60 మంది నిమిషం చొప్పున పంపితే వినడానికి గంట, ప్రతి ఒక్కరికీ దిద్దుబాటు చెప్పడానికి మరొక గంట. వెయ్యిమంది చేరితే వినడానికే సుమారు 17 గంటలు. ఎందరు చేరితే అంత గొప్ప అన్న దృష్టి ఛందోబోధనకు సరిపడదు. 1982లో ఏర్పడిన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా అచ్చుపాఠాలు పంపి ఊరుకోలేదు, అధ్యయన కేంద్రాలలో సంపర్క తరగతులు పెట్టింది.

చిక్కంతా ఇక్కడనే. పాఠం చెప్పిన గంటలను పనిభారంలో లెక్కిస్తారు, రికార్డు చేసిన గంటలకు గౌరవవేతనం ఉంటుంది. విన్న గంటలకు ఏ పట్టికలోనూ గడి లేదు. ఆ గడి లేకపోతే రెండవ ఏడు బాధ్యత తీసుకొన్న అధ్యాపకుడు వినడం మానేస్తాడు, అతనిని తప్పుపట్టలేము. అప్పుడు మిగిలేది వెనుకటి కేసెట్టు. ఈ కారణంగా ప్రవేశాలను 60కి పరిమితం చేయాలనీ, వారానికి రెండు గంటల శ్రవణాన్ని బోధనగా పరిగణించాలనీ కోర్సు ప్రతిపాదనలోనే వ్రాశాను. మొదటి అంశాన్ని పాఠ్యసంఘం ఆమోదించింది. రెండవది ఇంకా పరిశీలనలో ఉన్నది.