గులాబి ఆకు మీది గుండ్రని కోత

గడచిన నవంబరులో ఒక కుటుంబమును పరామర్శించుటకు నిజామాబాదు నుండి బోధను బస్సు ఎక్కాము. జానకంపేట, ఎడపల్లి దాటిన తరువాత శక్కర్‌నగరు వచ్చింది. 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఇక్కడిదే. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు బండ్లు బారులు తీరిన దారి పక్కన ఇప్పుడు వరి, సోయా, అక్కడక్కడ కంది కనిపిస్తున్నాయి.

మేము వెళ్లిన ఇంటి పెద్దాయన కూడా చెరకు మాని కంది వేసిన రైతే. కొడుకు దుబాయిలో పనిచేస్తున్నాడు. ఆ ఇంటి అమ్మ మమ్మును గులాబి చెట్టు దగ్గరకు తీసుకొనిపోయి, "చూడుండ్రి అయ్యగారూ, ఆకులన్నీ కత్తెరతోని కోసినట్టున్నయి. రేపు పొద్దుగాల కందికి మందు కొడ్తున్నం, దీనికి గూడ కొట్టిస్త" అన్నది.

ఆకు అంచున అర్ధచంద్రాకారపు కోతలున్నాయి. పురుగు కొరికితే అంత నున్నగా ఉండదు. కాసేపు నిలిచి చూచాము. తేనెటీగ వంటి ఈగ ఒకటి వాలి, క్షణాల్లో ముక్క కత్తిరించి, దానిని కాళ్ల మధ్య ఇముడ్చుకొని పందిరి వెదురు బొంగులో దూరింది.

ఈ ఈగకు రాణి లేదు, పట్టు లేదు, తోడు పనివారు లేరు. తల్లి ఒక్కతే ఆకు ముక్కలతో బొంగులో చిన్న అర కడుతుంది. అందులో పుప్పొడి, మకరందము కలిపిన ముద్ద పెట్టి, ఒకే గుడ్డు పెట్టి, గుండ్రని ముక్కలతో మూసివేస్తుంది. దాని వెనుక మరొక అర. ఆకును అది తినదు. పిల్లలు బయటికి వచ్చేనాటికి సాధారణంగా తల్లి బ్రతికి ఉండదు.

ఇది విని ఆ అమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. "పిల్లల మొఖం సూడకుంటనే ఇంత కష్టపడ్తదా!" అన్నది.

తరువాత పెద్దాయనతో చేనికి వెళ్లాము. కంది పసుపు పూలతో నిండియున్నది. ఈగ వాలి రేకులను నొక్కగానే లోపలి పుప్పొడి దాని కడుపు క్రింది వెంట్రుకలకు అంటుకొంటున్నది. పసుపు పండించే జిల్లా వారము గనుక పసుపు పూసుకొన్నట్టే కనబడింది! చెరకును ముక్కలతో నాటుతాము, దానికి ఈగతో పని లేదు. కంది తనంతట తాను కొంత కాయ కట్టగలిగినా, ఈగ వస్తే మేలు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞుల కృషితో 1991లో సంకర కంది విడుదలయింది. అటువంటి విత్తనము తయారు చేయాలంటే ఒక వరుస పుప్పొడిని మరొక వరుసకు ఈగలే మోయాలి. పచ్చిరొట్టకు వేసే జనుము విత్తనము కట్టుటకు కూడా ఈ ఈగలు, మట్టితో గూడు కట్టే వీటి బంధువులు, గండు తుమ్మెదలు అవసరము. అమెరికా, కెనడా రైతులు లూసర్న్ గడ్డి విత్తనము కొరకు చెక్కలకు రంధ్రాలు చేసి వీటిని పెంచుతారు.

"పురుగు పడ్డది అయ్యగారూ, కొట్టకుంటే గింజ దక్కదు" అన్నాడు పెద్దాయన. ఆ మాటలో న్యాయమున్నది, అప్పు కూడా ఉన్నది. ఇద్దరము సాళ్ల వెంట నడిచి చూచాము. పురుగు ఒక పక్కనే ఎక్కువగా ఉన్నది. అక్కడ మట్టుకే, ఈగలు గూటికి చేరిన తరువాత, ప్రొద్దుగూకిన వేళ కొట్టుటకు ఆయన ఒప్పుకొన్నాడు.

మీ ఇంటి గులాబి మీద కూడా అటువంటి కోతలు కనిపించవచ్చును. మందు డబ్బా తీయకముందు కాసేపు నిలిచి చూడండి. పాత వెదురు బొంగులను పొయ్యిలో పెట్టకముందు వాటి రంధ్రములు చూడండి. ఆకులతో మూసియుంటే లోపల వచ్చే పంటకు పనివారున్నారు.

మేము సెలవు తీసుకొనేటప్పుడు ఆ అమ్మ గులాబి చెట్టుకు నీళ్లు పోస్తున్నది. "కోసుకోనియ్యుండ్రి అయ్యగారూ, ఆకులు మళ్ల వస్తయి" అన్నది.